మచ్చలు, మన చర్మం, లేజరు వైద్యం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు మేము తాలీమ్ గురించో, స్కాలర్‌షిప్పుల గురించో చెబుతామని మీరు అనుకొని ఉంటారు. ఆ విషయాలు మాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. మేము ఇవాళ ముఖం మీది మచ్చల గురించి, వాటికి చేసే లేజరు వైద్యం గురించి కొన్ని సంగతులు మనవి చేయదలచాము. ఇది చిన్న విషయమని కొందరికి అనిపించవచ్చు. కాని బడిలో సైన్సు చెప్పే మావంటి వారిని మార్కుల సంగతి అయిపోయాక తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇదే. "మాస్టర్ సాబ్, పిల్ల చెంప మీది దాగ్ లేజరుతో పోతుందట గదా, నిజమేనా?"

మేము డాక్టర్లం కాము. మందు చెప్పము, మిషను పేరు చెప్పి ఫలానా చోటికి పొమ్మనము. చదువుకున్నదాన్ని, పెద్ద డాక్టర్లను అడిగి తెలుసుకున్నదాన్ని మన భాషలో మీ ముందు పెట్టడమే మా పని. చెప్పదలచింది ముందే ఒక్క మాటలో చెప్పేస్తాము. లేజరు మంచి సాధనమే. కాని అది తెల్లవారి చర్మం మీద పుట్టి పెరిగిన సాధనం. మనవంటి చామనఛాయ, నలుపు చర్మం మీద వాడాలంటే దానికి వేరే లెక్క ఉంది. ఆ లెక్క తెలిసినవారి చేతిలో అది వైద్యం, తెలియనివారి చేతిలో అది వాత.

రంగు ఎక్కడిది?

మన చర్మం పై పొర అడుగున రంగు తయారుచేసే కణాలు ఉంటాయి. అవి తయారుచేసే పదార్థం పేరు మెలనిన్. తెల్లవారికి ఈ కణాలు తక్కువ, మనకు ఎక్కువ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కణాల సంఖ్య అందరిలోనూ ఇంచుమించు ఒక్కటే. మన చర్మంలో అవి తయారుచేసే మెలనిన్ రేణువులు పెద్దవి, ఎక్కువ, విడివిడిగా పరచుకొని ఉంటాయి. అంతే తేడా.

ఆ రేణువులు ఊరికే రంగు కోసం లేవు. ప్రతి కణం నడిమి భాగం మీద అవి గొడుగులాగా కప్పుకొని, ఎండలోని హానికరమైన కిరణాలను ఆపుతాయి. ఆదిలాబాద్ మే నెల ఎండలో పత్తి చేను దున్నే మనిషికి, రామగుండం గని పైన పనిచేసే మనిషికి ఆ గొడుగు ఎంత అవసరమో మేము చెప్పనక్కరలేదు. తెల్లజాతివారితో పోలిస్తే మనకు చర్మ కేన్సరు చాలా తక్కువగా రావడానికి ముఖ్య కారణం ఈ మెలనినే.

ఇక రంగు ఎక్కువ తక్కువలు వంశపారంపర్యం. 2013లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, ఇతర దేశాల పరిశోధకులు కలిసి ఒక విషయం ప్రకటించారు. చర్మం తెల్లబడడానికి కారణమయ్యే ఒక జన్యు మార్పు యూరపు వారిలోనూ, మన దేశస్థులలోనూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చిందని, అది మన దేశంలో ప్రాంతాన్ని బట్టి, సమూహాన్ని బట్టి హెచ్చుతగ్గులుగా ఉందని తేల్చారు. అంటే రంగు అనేది తాతముత్తాతల ప్రయాణాల లెక్క. గుణం లెక్క కాదు, గౌరవం లెక్క అంతకంటే కాదు.

మచ్చ అంటే ఈ మెలనిన్ ఒకచోట ఎక్కువగా గుమిగూడడం. పై పొరలో గుమిగూడితే గోధుమరంగుగా, నల్లగా కనిపిస్తుంది. లోతులో ఉంటే నీలంగా, బూడిదరంగుగా కనిపిస్తుంది. ఈ లోతు సంగతి గుర్తుంచుకోండి. లేజరు వైద్యమంతా దాని మీదనే నడుస్తుంది.

లేజరు ఏం చేస్తుంది?

1960 మే నెలలో అమెరికాలో థియోడర్ మైమన్ అనే శాస్త్రవేత్త కెంపు రాయి కడ్డీతో మొదటి లేజరు కిరణం పుట్టించాడు. రెండు మూడేళ్ళు తిరగకుండానే సిన్సినాటి నగరంలోని లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మ వైద్యుడు ఆ కిరణాన్ని చర్మం మీద పరీక్షించి చూశాడు. నల్లని భాగాలు ఆ వెలుగును ఎక్కువగా పీల్చుకుంటాయని గమనించాడు. అయితే ఆ రోజుల్లో మచ్చతో పాటు చుట్టుపక్కల చర్మం కూడా కాలేది. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే ఇద్దరు డాక్టర్లు దానికి విరుగుడు సూత్రం చెప్పారు. ఏ పదార్థాన్ని కొట్టాలో ఆ పదార్థం పీల్చుకునే రంగు వెలుగునే ఎంచుకోవాలి. ఆ వేడి పక్కకు పాకేలోపలే వెలుగును ఆపేయాలి. ఇప్పుడు మచ్చలకు వాడే క్యూ స్విచ్డ్ లేజర్లు ఈ సూత్రం మీద పనిచేసేవే. సెకనును నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలసేపు మాత్రమే వెలుగు పడుతుంది. మెలనిన్ రేణువు పటుక్కున పగిలిపోతుంది. ఆ ముక్కలను మన శరీరమే మెల్లగా ఊడ్చేస్తుంది. అందుకే మచ్చ ఒక్క రోజులో పోదు, వారాలు, నెలలు పడుతుంది.

మేము తరగతిలో దీన్ని ఒక చిన్న ప్రయోగంతో చెబుతాము. తెల్ల కాగితం మీద సిరాతో నల్ల చుక్క పెట్టి, ఎండలో భూతద్దంతో వెలుగును దాని మీద పడేలా పట్టుకుంటే చుక్క ముందు పొగ లేస్తుంది. చుట్టూ ఉన్న తెల్ల కాగితం అంత తొందరగా కాలదు. ఇప్పుడు అదే చుక్కను ముదురు గోధుమరంగు కాగితం మీద పెట్టండి. చుక్కతో పాటు కాగితం కూడా కమిలిపోతుంది. భూతద్దం అదే, ఎండ అదే, చుక్క అదే. మారింది కాగితం రంగు.

మన చర్మం ఆ గోధుమరంగు కాగితం. లేజరుకు కళ్ళు లేవు. ఇది మచ్చలోని మెలనిన్, ఇది మనిషి సహజమైన రంగు అని దానికి తెలియదు. రెండింటినీ ఒకటే అనుకొని కొడుతుంది. మన చర్మానికి ఇంకో స్వభావం కూడా ఉంది. కాలినా, గీరుకున్నా, మొటిమ గిల్లినా అక్కడ ఎక్కువ మెలనిన్ పోసి నల్ల మచ్చ మిగులుస్తుంది. దోమ కుట్టినచోట కూడా నెలలకొద్దీ మచ్చ ఉండడం మన పిల్లల కాళ్ళ మీద చూస్తూనే ఉన్నాం. అందువల్ల లెక్క తప్పిన లేజరు పాత మచ్చ తీయబోయి కొత్త మచ్చ పెడుతుంది. మరీ ఎక్కువైతే రంగు కణాలు దెబ్బతిని తెల్ల చుక్కలు పడతాయి. అవి కొన్నిసార్లు తిరిగి రంగు పట్టనే పట్టవు.

మన చర్మానికి వేరే లెక్క

1975లో హార్వర్డ్‌లోని థామస్ ఫిట్జ్‌పాట్రిక్ అనే చర్మ వైద్యుడు ఎండకు ఎవరి చర్మం ఎంత ఎర్రబడుతుంది, ఎంత నల్లబడుతుంది అన్నదాన్ని బట్టి చర్మాన్ని తరగతులుగా విభజించాడు. మొదట ఆయన చేసిన పట్టికలో తెల్లవారి చర్మానికే నాలుగు తరగతులు ఉన్నాయి. గోధుమ, నలుపు చర్మాలకు 5, 6 తరగతులు తర్వాత చేర్చారు. మన ప్రాంతంలో ఎక్కువమంది 4, 5 తరగతులవారు. మంచి డాక్టరు మిషను ముట్టుకోకముందే మీ చర్మం ఏ తరగతిదో చూసుకుంటాడు.

వెలుగు అలలు పొట్టివి, పొడుగువి అని రెండు రకాలుగా ఉంటాయనుకోండి. దీన్ని మన ఆర్టీసీ బస్సులతో చెప్పుకుందాం. పల్లెవెలుగు బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగుతుంది. ఎక్స్‌ప్రెస్ బస్సు చిన్న స్టేజీలు దాటుకొని దూరం పోతుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు పల్లెవెలుగు వంటిది. పై పొరలోని మెలనిన్ దగ్గరే ఆగిపోతుంది. మన చర్మం పై పొర నిండా మెలనినే కాబట్టి అక్కడే కాల్చే ప్రమాదం ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజరు ఎక్స్‌ప్రెస్ వంటిది. పై పొరలో తక్కువగా ఆగి లోతుకు పోతుంది. అందుకే నల్ల చర్మానికి ఇది మిగతావాటికంటే క్షేమమని డాక్టర్లు అంటారు. 694 రూబీ, 755 అలెగ్జాండ్రైట్ ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. క్షేమం అంటే ప్రమాదమే లేదని కాదు. తక్కువ శక్తితో మొదలుపెట్టాలి, ఒక మూల చిన్న భాగం మీద పరీక్ష చేసి కొన్ని వారాలు ఆగి చూడాలి, సిట్టింగుకు సిట్టింగుకు మధ్య తగిన ఎడం ఇవ్వాలి. తొందర ఇక్కడ పనికిరాదు.

ఇంకొక మాట. బ్యూటీ పార్లర్లలో ఐపీఎల్ అని ఒకటి ఉంటుంది. దాన్ని కూడా లేజరు అని చెప్పి చేస్తుంటారు. అది లేజరు కాదు. రకరకాల అలలు కలిసిన గట్టి వెలుగు. మన చర్మం మీద వాత పెట్టడంలో దానిది పెద్ద చెయ్యే.

ఏ మచ్చకు ఏ వైద్యం?

అన్ని జ్వరాలూ ఒకటి కానట్టే అన్ని మచ్చలూ ఒకటి కాదు.

పుట్టిన పిల్లల నడుం దగ్గర, పిర్రల మీద నీలి మచ్చ కనిపిస్తే తల్లులు కంగారుపడతారు. అది చాలామందికి కొన్నేళ్ళలో దానంతట అదే పోతుంది. ఏమీ చేయనక్కరలేదు.

కంటి చుట్టూ, నుదురు, చెంప మీద ఒకవైపు నీలం బూడిదరంగుగా కనిపించే మచ్చను ఓటా మచ్చ అంటారు. జపాన్ డాక్టరు మసావో ఓటా 1939లో దీన్ని వివరించాడు. ఆయన తన భాషలో పేరున్న కవి కూడా. ఈ మచ్చ ఆసియా ప్రజల్లో ఎక్కువ, అందులోనూ ఆడవాళ్ళలో ఎక్కువ. రంగు లోతులో ఉంటుంది కాబట్టి పూతమందులకు లొంగదు. లేజరు అసలైన ఉపకారం చేసేది ఇటువంటి చోటనే. 1994లో జపాన్ డాక్టర్లు రూబీ లేజరుతో వందకు పైగా రోగుల్లో మంచి ఫలితాలు వచ్చాయని ప్రకటించారు. మన చర్మానికి 1064 ఎన్‌డీ యాగ్ ఎక్కువగా వాడతారు. నెలల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి, ఏడాది రెండేళ్ళు పట్టవచ్చు.

మా బడిలో చదివిన ఒక అమ్మాయికి ఈ మచ్చ ఉండేది. తొమ్మిదో తరగతిలో ఉండగా దుపట్టా ఒకవైపు లాగి పట్టుకొని, ఎప్పుడూ గోడ పక్క బెంచీలో మచ్చ ఉన్న వైపు గోడకు పెట్టి కూర్చునేది. రాసేటప్పుడు కూడా ఆ దుపట్టా వదిలేది కాదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందని బంధువులు అనేవారు. ఆ తల్లి పదిహేనేళ్ళుగా ఆ మాట మోస్తున్నది. గ్రహణానికీ మచ్చకూ ఏ సంబంధమూ లేదు, గర్భంలో రంగు కణాలు పై పొరకు చేరకుండా లోపలే ఆగిపోవడం వల్ల ఇది వస్తుంది, ఇందులో నీ తప్పు ఏమీ లేదమ్మా అని చెబితే ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ మాట మా అత్తకు కూడా చెప్పండి సార్" అన్నది. చెప్పాము. ఆ కుటుంబం ముందు చర్మ వైద్యునికి, ఆయన సలహా మీద కంటి డాక్టరుకు చూపించుకున్నారు. ఓటా మచ్చ ఉన్నవారికి కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు రావచ్చు. అందుకని కన్ను తప్పక చూపించాలి. ఈ సంగతి మచ్చ తీస్తామన్న బోర్డులవాళ్ళు ఎవ్వరూ ఆమెకు చెప్పి ఉండలేదు. అమ్మాయికి వైద్యం ఇంకా నడుస్తున్నది. మచ్చ పూర్తిగా పోలేదు, బాగా పలచబడింది. ఇప్పుడు ఇంటర్‌లో ఉంది.

ముఖం మీద చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు పై పొరవి. వాటికి లేజరు పనిచేస్తుంది, కాని ఎండ తగిలితే తిరిగి వస్తాయి. పాలు పోసిన చాయ్ రంగులో పలచగా ఉండే పుట్టుమచ్చలు లేజరు చేసినా తిరిగి రావడం మామూలు. ఇలాంటివి ఆరు, అంతకు మించి ఉంటే ముందు డాక్టరుకు చూపాలి. అవి వేరే జబ్బుకు గుర్తు కావచ్చు.

ఇక మంగు. మన ఇళ్ళలో ఝాయియా అంటారు. రెండు చెంపల మీద, ముక్కు మీద, నుదుటి మీద వచ్చే గోధుమరంగు మచ్చ. గర్భం, కొన్ని రకాల మాత్రలు, ఎండ, వంశం దీనికి కారణాలు. దీనికి లేజరు మొదటి వైద్యం కాదు. ఎండ నుంచి కాపాడుకోవడం, డాక్టరు రాసిన పూతమందు గడువు ప్రకారం వాడడం మొదటివి. లేజరుతో కొన్నాళ్ళు తగ్గినట్టు కనిపించి తరచుగా తిరిగి వస్తుంది. మాకు తెలిసిన ఒక కుటుంబంలో పెళ్ళి ఇరవై రోజులుందనగా పెళ్ళికూతురికి మంగు తీయిస్తామని ఒకచోటికి తీసుకుపోయారు. మూడు సిట్టింగులు వారం వారం చేశారు. పెళ్ళి నాటికి చెంపల మీద నల్లని పొరలు, వాటి మధ్య తెల్ల చుక్కలు. ఆ పిల్ల తన పెళ్ళి ఫోటోలు ఇప్పటికీ ఎవ్వరికీ చూపించదు.

ఉబ్బెత్తు పుట్టుమచ్చలు, పులిపిర్లు లేజరుతో కాల్చేముందు అది ఏమిటో డాక్టరు చూసి తేల్చాలి. మచ్చ ఉన్నట్టుండి పెరిగినా, అంచులు వంకరపోయినా, రంగు మారినా, రక్తం కారినా కాల్చకూడదు, ముక్క తీసి పరీక్షకు పంపాలి. మనవంటి చర్మం ఉన్నవారికి మెలనోమా అనే చెడ్డ కేన్సరు వచ్చినప్పుడు ముఖ్యంగా అరికాలు, అరచేయి, గోరు కింద వస్తుంది. కాలి కింద నల్లమచ్చ గని బూటు ఒరుసుకొని వచ్చిందిలే అని వదిలేయవద్దు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రి ప్రభుత్వానిదే. అలాగే తెల్లబారిన మచ్చ మీద స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆస్పత్రుల్లో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. దాచుకోవడమే ప్రమాదం.

పచ్చబొట్టు సంగతి కూడా అడుగుతుంటారు. ఉట్నూరు, జైనూరు వైపు గోండు అక్కలకు పచ్చబొట్టు గౌరవం, వారి సంప్రదాయం. దాన్ని మచ్చ అనకూడదు. కాని జాతరలో సరదాకు పొడిపించుకొని తర్వాత బాధపడే కుర్రవాళ్ళు ఉన్నారు. నలుపు, నీలం సిరాలు 1064 లేజరుకు చాలావరకు లొంగుతాయి. రంగురంగుల సిరాలు మొండివి.

మందుల షాపు వైద్యం

లేజరు దాకా పోకముందే మనవాళ్ళు ముఖాన్ని సగం పాడుచేసుకుంటున్నారు. పల్లెల్లో పులిపిరి మీద సున్నం, సోడా కలిపి పెట్టడం, జీడిగింజ రసం పెట్టడం ఉంది. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టే గింజ అది. చర్మం మీద ఏం చేస్తుందో ఆలోచించండి.

పట్టణాల్లో స్టెరాయిడ్ క్రీములు. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇస్తారు. పది రోజుల్లో ముఖం తెల్లబడుతుంది. ఇల్లంతా సంతోషం. నెలలు గడిచాక చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు, వెంట్రుకలు మొదలవుతాయి. మానేస్తే మంట. స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం గట్టి చేసింది. నియమం ఉన్నా ట్యూబు దొరుకుతూనే ఉంది. అలా పలచబడిన చర్మం మీద లేజరు పడితే ఇంకా ప్రమాదం.

మూడవది మన జిల్లాలకు ప్రత్యేకం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు గల్ఫ్‌కు పోని ఇల్లు తక్కువ. అక్కడి నుంచి వచ్చేటప్పుడు సబ్బులు, అత్తరుతో పాటు తెల్లబడే క్రీము డబ్బాలు ప్రేమగా తెస్తారు. లోపల ఏముందో రాసి ఉండదు. ఇలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చిన సంగతి అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. తెలుపు కోసం కిడ్నీ ఇచ్చుకోవడం ఏం బేరం?

అడిగి తీరవలసిన ప్రశ్నలు

డాక్టరే లేజరు చేయాలి అని నిర్ణయించినప్పుడు సిగ్గుపడకుండా ఇవి అడగండి.

మొదటిది, మిషను పట్టుకునేవారు ఎవరు? చర్మ వైద్యంలో ఎండీ, డిప్లొమా లేక డీఎన్‌బీ చదివి తెలంగాణ వైద్య మండలిలో నమోదైన డాక్టరా, లేక కోటు వేసుకున్న ఇంకొకరా? రెండవది, ఈ మచ్చ పేరేమిటి? పేరు చెప్పలేనివారి దగ్గర మచ్చ తీయించుకోవద్దు. మూడవది, ఏ లేజరు, ఎన్ని నానోమీటర్లు? నాల్గవది, ముందు చిన్న భాగం మీద పరీక్ష చేస్తారా? ఐదవది, మొత్తం ఎన్ని సిట్టింగులు, మొత్తం ఖర్చు ఎంత? సిట్టింగు ధర చెప్పి మొత్తం దాచేవారు ఉన్నారు. ఆరవది, తిరిగి వస్తుందా, నల్లబడితే ఏం చేస్తారు? ఏడవది, కళ్ళకు రక్షణ అద్దాలు పెడతారా? ఈ కిరణం కంట్లో పడితే చూపు పోతుంది.

మీ వంతుగా కూడా కొన్ని చెప్పాలి. గాయం మానినచోట గడ్డకట్టే స్వభావం ఉంటే, గర్భం ఉంటే, ఏ క్రీము, ఏ మాత్ర వాడుతున్నారో అన్నీ చెప్పాలి. వారం క్రితం చేలో పనిచేసి నల్లబడి ఉంటే అదీ చెప్పాలి. ఎండకు కమిలిన చర్మం మీద లేజరు వాయిదా వేయడం మంచిది. మా సలహా అయితే ఎండాకాలం పోనిచ్చి చేయించుకోవడమే మేలు.

చేయించుకున్నాక అసలు పని ఇంటి దగ్గర ఉంటుంది. పొక్కు గిల్లకూడదు. బ్లీచింగు, రుద్దడం కూడదు. ఎండలో గొడుగు, రుమాలు, టోపీ, డాక్టరు చెప్పిన సన్‌స్క్రీన్ తప్పవు. ముసుగు ఉంది గదా అని కొందరు అక్కలు అంటారు. పలచని గుడ్డలోంచి కూడా వెలుగు కొంత పోతుంది. కిరణాలే కాదు, మామూలు కనిపించే వెలుగు కూడా మనవంటి చర్మాన్ని నల్లబరుస్తుందని ఇప్పుడు తేలింది.

సంతకం పెట్టే ముందు

ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటారు. ఇంగ్లీషులో ఉంటుంది. మనవాళ్ళు చదవకుండానే పెడతారు, వేలిముద్ర వేస్తారు. అలా చేయవద్దు. తెలుగులోనో, ఉర్దూలోనో చెప్పమని అడగండి. శాస్త్రం మన భాషలో చెప్పడం కుదరదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మీడియంలో మొదలైంది. దారుల్ తర్జుమాలో పండితులు కూర్చొని శాస్త్ర గ్రంథాలను అనువదించారు. ఉస్మానియా వైద్య కళాశాలలో వైద్యం కూడా ఉర్దూలోనే బోధించారు. వైద్యశాస్త్రం మొత్తం మన భాషలో చెప్పిన నేల మీద ఒక్క కాగితం మన భాషలో చెప్పమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. అది మన హక్కు.

సొసైటీకి, పెద్దలకు మనవి

మా విన్నపాలు మూడు. ఒకటి, ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉంది. 2022, 2023 సంవత్సరాల్లో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్‌లకు కూడా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి చర్మ వైద్యులను పిలిచి సొసైటీ ఏడాదికి ఒకసారి చర్మ పరీక్షల శిబిరం పెట్టాలి. లేజరు చేయడానికి కాదు, మచ్చకు పేరు పెట్టించడానికి. సగం డబ్బు, సగం కన్నీళ్ళు అక్కడే ఆగుతాయి. రెండు, ఇంగ్లీషు వచ్చిన మన యువకులు, యువతులు నలుగురు ఆస్పత్రి కాగితాలు చదివి చెప్పే బాధ్యత తీసుకోవాలి.

మూడవది పెద్దలకు, ముఖ్యంగా కొడుకులున్న తల్లిదండ్రులకు. రిష్తా చూడబోయినప్పుడు పిల్ల చదువు అడగండి, నడవడి అడగండి. చెంప మీది మచ్చను వేలు పెట్టి చూపించవద్దు. ఆ మచ్చ తీయిస్తే చేసుకుంటామని కబురు పంపవద్దు. ఆ కబురు వల్లనే అప్పులు పుడుతున్నాయి, ఆ అప్పుతోనే పిల్ల చెంప కాలుతున్నది. 1975లో మన దేశంలో మొదలైన ఒక పేరుమోసిన క్రీము కూడా 2020లో తన పేరులోంచి తెలుపు అనే అర్థమిచ్చే మాటను తీసేసింది. వ్యాపారస్తులే ఆ మాట వదిలినప్పుడు మన ఇళ్ళలో ఎందుకు పట్టుకొని వేలాడాలి?

మచ్చ వల్ల బాధపడేవారు వైద్యం చేయించుకోవడం తప్పు కాదు. శాస్త్రం ఉన్నది అందుకే. మచ్చ తీయించుకోండి, మీ రంగును మాత్రం జబ్బు అనుకోకండి. తెలుసుకొని వెళ్ళండి, అడిగి చేయించుకోండి, తొందరపడకండి.